ఇరువదియాఱవ పేరు

ఫిబ్రవరి నడిమి నుండి మార్చి కడపటి వారము వఱకు బేస్‌బాల్ అభిమానులను పట్టి పీడించు జ్వరమొకటి కలదు. ముప్పది పెద్దజట్లలో సగము ఫ్లారిడాకును, సగము అరిజోనాకును చేరి, గెలుపోటములు లెక్కకు రాని ఆటలు ముప్పదేసి చొప్పున ఆడుచుండగా, ఇండ్లలో కూర్చున్నవారు తొలినాటి బ్యాటింగు వరుసను తామే నిర్ణయించి, కొట్టివేసి, మరల వ్రాసికొనుచు, ఎవడు పైన నిలుచును, ఎవనిని క్రింది లీగునకు పంపివేయుదురను చర్చలతో రాత్రులు గడుపుదురు. సెయింట్ లూయిస్ నగరమున స్థిరపడిన యిద్దఱు తెలుగువారు, ఒకరికొకరు బావయు బావమఱదియు, ఏటేట ఈ జ్వరమునకు లోనగువారే గాని, ఇద్దఱి జ్వరలక్షణములును వేఱు. బావగారు పెన్సిలు పట్టి స్కోరు కార్డు నింపనిదే ఆట చూచినట్లు తలంపరు. బావమఱది బీమా సంస్థలో ఆయుర్దాయపు లెక్కలు వేయువాడు కావున, మనిషిని చూడకుండగనే మనిషి భవితవ్యము చెప్పుటకు అలవాటుపడినవాడు. వీరి వాదమును నేను విన్నంతవఱకు వ్రాయుచున్నాను. నడుమ తలదూర్చిన చోట పాఠకులు మన్నింతురు గాక.

బావమఱది: బావగారూ, మన కార్డినల్స్ జట్టు తొలినాటి పట్టిక సిద్ధము చేసితిని. ఇరువదియాఱు పేర్లు, అందులో తొమ్మండుగురి బ్యాటింగు వరుస. మార్చి ఇంకను సగము గడువలేదని మీరందురు. అయినను చివఱకు ఇందు రెండు పేర్లకు మించి మాఱవు.

బావగారు: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ఫ్లారిడాలోని జూపిటర్‌లో కుఱ్ఱవాండ్రింకను ఒడలు విఱిచికొనుచునే యున్నారు. ఎవని మోచేయి నొచ్చునో, ఎవని బ్యాటు పలుకునో వారికే తెలియనిది నీకెట్లు తెలిసెను? పైగా నేను చెప్పిన కుఱ్ఱవాని పేరు ఇందులో కానరాదు. మొన్న టెలివిజనులో చూచితివా? ఒంటిమీదికి దూసికొనివచ్చు బంతిని, మోచేతులు లోనికి ముడుచుకొని, ఎడమ గీత వెంబడి ఎట్లు పంపినాడో!

బావమఱది: చూడలేదు, చూచినను పట్టిక మాఱదు. కోపగింపక వినుడు. ఇరువదియాఱు చోట్లనగా విశాలముగనే తోచును. అందు పిచర్లు పదుమూడుగురికి మించరాదని నియమము. అంతకు తగ్గించుకొనుటకు నేడు ఏ జట్టును సాహసింపదు. మిగిలినవి పదుమూడు. మైదానమున నిలుచువారు ఎనమండుగురును, బ్యాటు మాత్రమే పట్టు డీహెచ్ ఒకడును కలసి తొమ్మండుగురు. ఇక నాలుగు. రెండవ క్యాచరు లేనిదే మేనేజరునకు నిదుర పట్టదు గనుక ఒకటి అతనిది. షార్ట్‌స్టాప్ చోట నిలువగలవాడొకడు, సెంటర్ ఫీల్డులో పరుగెత్తగలవాడొకడు తప్పనిసరి. కడకు మిగిలినది ఒక్క చోటు. మార్చి మాసమంతయు దేశమున జరుగు రభస ఆ ఒక్క చోటును గూర్చియే. అందు నేను వ్రాసినది, పోయినయేడు ఇన్‌ఫీల్డున నాలుగు చోట్లను ఆడిన పాతవానిని. మీ కుఱ్ఱవానిని కాదు.

బావగారు: ఆ పాతవాడు ఈ నెలలో పది మాఱులు బ్యాటు పట్టిన రెండు హిట్లు కొట్టుటయే గగనముగా నున్నది. నా కుఱ్ఱవాడు మూడింట ఒకటి కొట్టుచున్నాడు.

బావమఱది: ఎన్ని మాఱులలో? ఈ ఆటలన్నిటను కలిపి ఒక బ్యాటరునకు చిక్కునవి అఱువది అవకాశములనుకొందము. పదునెనిమిది హిట్లు కొట్టినవాని సగటు 0.300, వానిని వీరుడందురు. పదునైదు కొట్టినవానిది 0.250, వానిని సామాన్యుడందురు. నడుమ నున్నది మూడు హిట్లు. ఒకటి ఇద్దఱు ఫీల్డర్ల మధ్య పడిన గుడ్డిబంతి, ఒకటి ఫ్లారిడా గాలికి కంచె దాటినది, ఒకటి ఎవడో జాఱిపడుటచే వచ్చినది కావచ్చును. ఇంతకును బంతి వేసినదెవరు? మీ స్కోరు కార్డునే సాక్ష్యమునకు పిలిచెదను. మొదటి మూడు ఇన్నింగ్సులలో వేసిన పేరుగల పిచరు, తన క్రొత్త చేంజప్ బంతిని సాన పట్టుకొనుటకు వచ్చినవాడే గాని, ఎవరిని అవుట్ చేయవలెనను పట్టుదల గలవాడు కాడు. ఆఱవ ఇన్నింగ్సు వచ్చుసరికి మీ కార్డులో పేర్లన్నియు కొట్టివేతలై, ప్రక్కన ఎనుబది, తొంబది నంబర్ల చొక్కాలవారు నిండియుందురు. వారిలో పలువురు ఏప్రిల్‌లో క్రింది లీగున పియోరియాలోనో, స్ప్రింగ్‌ఫీల్డులోనో బస్సులెక్కవలసినవారు. వారి బంతులను కొట్టి సంపాదించిన సగటుతో పెద్దజట్టులో చోటిమ్మనుట ధర్మమా?

బావగారు: ఇంత లెక్క వేసిన నీవు 2001వ సంవత్సరపు మార్చి మాసమున ఉండియుంటివేని ఏ పట్టిక వ్రాసియుందువో చెప్పుము. నీకు గుర్తులేనిచో నేను చెప్పెదను. 2000 డిసెంబరులో మనవారు మూడవ బేస్ ఆటగాడు ఫెర్నాండో తాతీస్‌ను, ఒకే ఇన్నింగ్సులో రెండు గ్రాండ్ స్లాములు కొట్టిన ఘనుని, మాంట్రియల్ జట్టునకిచ్చి ఇద్దఱు పిచర్లను తెచ్చుకొనిరి. ఆ విధముగా ఒక చోటు ఖాళీ. మొదటి బేస్‌లో మార్క్ మెగ్వయర్, సెంటర్ ఫీల్డులో జిమ్ ఎడ్మండ్స్, షార్ట్‌స్టాప్‌లో ఎడ్గర్ రెంటెరియా, ఇట్లు తక్కినవన్నియు కొండలవలె నిలిచిన పేర్లు. అదనపు బలమునకని బాబీ బోనియాను పిలిచిరి. పదునైదేండ్లు పెద్దజట్లలో ఆడినవాడు. ఆల్బర్ట్ పూహోల్స్ అను ఇరువదియొక్క యేండ్ల కుఱ్ఱవాని పేరు ఎవరి పట్టికలోనైన నుండెనా? 1999వ సంవత్సరపు డ్రాఫ్టులో పదుమూడవ రౌండున, నాలుగువందల రెండవవాడుగా, ఎవరును కోరక మిగిలిన పిదప తీసికొనబడినవాడు. క్రింది లీగులలో ఆడినది ఒక్క సంవత్సరము. ఆ మార్చిలో వానిని మూడవ బేస్‌లో నిలిపిన అక్కడను, అవుట్‌ఫీల్డున నిలిపిన అక్కడను, ఎచ్చట నిలిపిన అచ్చట బంతిని చీల్చి చెండాడుచుండగా, అప్పటికిని క్రింది లీగు జట్టగు మెంఫిస్‌కు పంపుటయే ఉచితమని పెద్దలందఱును తలయూచుచుండిరి. ఇంతలో బోనియాకు తొడకండరము పట్టుకొనెను. కాలము కలసివచ్చిన నడచివచ్చు కొడుకు పుట్టునందురే, అదియే! తొలియాటకు డెన్వరులో నిలిచినాడు, ఒక హిట్టు కొట్టినాడు. ఆ వారమే ఫీనిక్సులో మొదటి హోమ్ రన్. బోనియా కోలుకొని వచ్చిన పిమ్మటను వీనిని దింపలేదు, మఱియొక పాతవానిని వేఱు జట్టునకు సాగనంపిరి. ఆ యేడు సగటు 0.329, హోమ్ రన్లు ముప్పదియేడు, కొట్టి రప్పించిన పరుగులు నూటముప్పది. నేషనల్ లీగులో ఏ క్రొత్తవాడును అన్ని పరుగులు రప్పించి యెఱుగడు. నీ గణితమును నమ్మియుండిన ఆ ఏప్రిల్‌లో వాడు మెంఫిస్‌లో నుండెడివాడు.

బావమఱది: కథ రమ్యముగా చెప్పితిరి గాని, అందొక ముడి విప్పక విడిచితిరి. పూహోల్స్ ఆకాశమునుండి ఊడిపడలేదు. 2000వ సంవత్సరమున పియోరియాలో 0.324 సగటుతో ఆడి, మిడ్‌వెస్ట్ లీగున ఉత్తమ క్రీడాకారుడని పేరొందినాడు. ఆ సెప్టెంబరులోనే మెంఫిస్‌కు ఎక్కి, పసిఫిక్ కోస్ట్ లీగు చివఱి పోటీలలో అందఱికంటె మిన్నగా ఆడి బహుమతి గైకొన్నాడు. క్రింది లీగుల అంకెలను ఆ లీగు బలము, ఆ మైదానము తీరు చూచి సరిదిద్దినచో, అవి పెద్దజట్టు అంకెలంత నమ్మదగినవేయని బిల్ జేమ్స్ 1985లోనే చూపినాడు. కాబట్టి పూహోల్స్‌ను కనిపెట్టవలసినది 2000వ సంవత్సరపు పుస్తకములలో. 2001 మార్చి ఆటలలో కాదు. మీ కన్ను చూచినది నిజమే గాని, అది ఆఱు నెలలు ఆలస్యముగా చూచినది.

బావగారు: పుస్తకములో అంత స్పష్టముగా నుండిన, ఆ పుస్తకము చదివినవారు అతనిని మెంఫిస్‌కు ఏల పంపనెంచిరి?

బావమఱది: అది వేఱు ప్రశ్న. దానికి వత్తును. ముందు మీ కన్ను సంగతి తేల్చవలెను. 2023 మార్చిలో జోర్డన్ వాకర్ అను ఇరువదేండ్ల కుఱ్ఱవానిని చూచి మీరే గదా ఇంట గంతులు వేసినది? మెంఫిస్‌లో ఒక్క ఆటయైన ఆడని వానిని తొలినాడే పెద్దజట్టులో నిలిపిరి. మొదటి పండ్రెండు ఆటలలోను వరుసగా హిట్టు కొట్టినాడు. ఇరువది లేక అంతకు లోబడిన వయసువారిలో అట్టి ఆరంభము 1912 తరువాత లేదు. పండుగ చేసికొంటిమి. ఏప్రిల్ ఇరువదియాఱవ తేదీకి అతడు మెంఫిస్‌లో నుండెను. బంతిని నేలకు కొట్టుచున్నాడు, గాలిలోనికి లేపుట నేర్వవలెనని పంపిరి. మఱుసటి యేడును అంతియే. ఏప్రిల్ దాటకమున్నే మరల మెంఫిస్.

బావగారు: ఆ 2023వ సంవత్సరము పేరెత్తినందుకు నీకు నమస్కారము. ఆ యేడు మన విభాగమున మొదటి స్థానము మనకేయని నీ వంటి గణకులు ఎందఱు వ్రాయలేదు? డెబ్బదియొకటి గెలిచి, తొంబదియొకటి ఓడి, అట్టడుగున కూలబడితిమి. అంతకుముందు 2015లో పెకోటా అను మీ మహాయంత్రము క్యాన్సస్ సిటీ వారికి డెబ్బదిరెండు విజయములని చెప్పగా, వారు తొంబదియైదు గెలిచి, ప్రపంచ ఛాంపియన్లయి కూర్చుండిరి. ఉగాదినాడు మా ఊరి సిద్ధాంతిగారు తమలపాకులు ప్రక్కన పెట్టుకొని ఆదాయము పదునాలుగు, వ్యయము రెండు, రాజపూజ్యము ఇంత, అవమానమింత అని చదువుచుండగా మేము వినలేదా? నీ జోస్యములును ఏటేట అదే ఋతువున వెలువడుచున్నవి. సిద్ధాంతిగారికి శనగలు, వడపప్పు, పానకము ఇచ్చి పంపెడివారము. మీవారికి చందాలు కట్టుచున్నాము.

బావమఱది: నవ్వుకొనుడు. డెబ్బదిరెండను మాట శాసనము కాదు. అదే జట్టు అదే సంవత్సరమును వేయి మాఱులు ఆడిన నడిమికి వచ్చు సంఖ్య అది. ఆడునది ఒక్కసారియే గనుక తప్పుట సహజము. లెక్క మాత్రము మాయ కాదు. టామ్ టాంగో అను నాతడు మార్సెల్ అను పద్ధతి నొకటి కల్పించెను: పోయిన యేటి ఆటకు అయిదు పాళ్ళు, అంతకుముందటి దానికి నాలుగు, ఆపైదానికి మూడు చొప్పున విలువ కట్టి, అందఱి సగటు వైపునకు కొంచెము లాగి, వయసునకు కొంత కూడియో తీసియో చెప్పుట. ఇంతకన్న తక్కువ తెలివితో జోస్యము చెప్పరాదను ఉద్దేశముతో దానికొక కోతి పేరు పెట్టినాడు. ఆ కోతిలెక్కను స్పష్టముగా మించుటకు పెద్దపెద్ద యంత్రములే నేటికిని చెమటోడ్చుచున్నవి.

బావగారు: ఆ కోతికి మూడేండ్ల ఆట కావలెను గదా? నిన్న పియోరియా నుండి వచ్చినవానికి మూడేండ్లెక్కడివి?

బావమఱది: లేవు. క్రొత్తవానిని సగటు మనిషిగనే అది భావించును. అందుచేతనే క్రొత్తవాని విషయమున నేను ఆటను విడిచి కాగితమును చూచెదను. ఇందాక మీరడిగిన ప్రశ్నకు ఉత్తరము ఆ కాగితములో నున్నది. మార్చి నెలాఖరు పట్టిక ఎవడు మేటి, ఎవడు తక్కువ అను వరుస కాదు బావగారూ. ఎవనిని క్రిందికి పంపినను చేజాఱిపోడు, ఎవనిని పంపిన చేజాఱిపోవునను లెక్క అది.

ఈ మాటతో వాదము దారి మళ్ళినది. బావమఱది అంతవఱకు గణితశాస్త్రమును మోసినవాడు, ఇక న్యాయవాది అవతారమెత్తినాడు. ఆ నియమములు వినుటకు విసుగు పుట్టించునవే అయినను, ఆటగాని బ్రతుకు వానిలో చిక్కుకొని యుండుటచే పాఠకులు ఓపిక పట్టక తప్పదు.

బావమఱది: ప్రతి జట్టునకును నలుబదిమంది పట్టిక ఒకటి కలదు, ఇరువదియాఱుగురు అందులోనివారే కావలెను. నలుబదిలో చేరినవానిని మూడు సంవత్సరముల పాటు క్రింది లీగునకు పంపవచ్చును. దానినే ఆప్షను అందుము. ఒక యేట ఇరువది దినములైన క్రింద నున్నచో ఒక ఆప్షను ఖర్చైనట్లు. మూడును తీఱినవానిని పంపవలెనన్న, మొదట తక్కిన ఇరువదితొమ్మిది జట్లకును చూపవలెను. ఎవరు కోరిన వారిదగును. మీ కుఱ్ఱవానికి మూడు ఆప్షనులును చెక్కు చెదరక యున్నవి. అసలు నలుబదిలోనే లేడు. నేను వ్రాసిన పాతవానికి ఒక్కటియు మిగులలేదు. కుఱ్ఱవానిని పంపిన ఇద్దఱును మనవారే. పాతవానిని విడిచిన ఒక్కడే మిగులును. ఇందులో బ్యాటింగు సగటు ప్రసక్తి ఎక్కడిది?

బావగారు: అనగా వానికంటె వీడు బాగుగా ఆడుటయే వీని నేరమన్నమాట! లేతవాడు గనుక దాచుకొనవచ్చును, దాచుకొనవచ్చును గనుక ఆడనీయము. ఈ దాచుకొను విద్య మనవారు కనిపెట్టినదే. బ్రాంచ్ రికీ ఈ ఊరి జట్టును నడిపిన దినములలో, బాల్టిమోరు వంటి స్వతంత్రజట్లనుండి ఆటగాండ్రను కొనుటకు చేత డబ్బు లేక, 1919 మొదలుకొని హ్యూస్టన్, ఫోర్ట్ స్మిత్, సిరక్యూస్ అనుచు చిన్నజట్లలో వాటాలు కొనుచుపోయి, 1940 నాటికి ముప్పదికి పైగా జట్లకు యజమానియైనాడు. తొమ్మిది మాఱులు లీగు గెలిచి, ఆఱు మాఱులు ప్రపంచ విజేతలమైతిమి. 1926 నుండి 1946 వఱకు ఇంకొకరికి మేము తీసిపోలేదని గొప్ప చెప్పుకొందుము. అయితే ఆ గొప్ప క్రింద ఎందఱు అణగిపోయిరో! మొదటి బేస్‌లో ఒకడు పాతుకొని కూర్చున్న, వాని వెనుక అయిదు మెట్లపై అయిదుగురు మొదటి బేస్ ఆటగాండ్రు ఎదురుచూచుచు ముసలివారైరి. 1938లో కమిషనరు ల్యాండిస్ ఈ లోగుట్టు బయటపెట్టి, మనవారు కట్టిపెట్టుకొన్న డెబ్బదిమందికి పైగా ఆటగాండ్రను ఒక్కమాఱుగా విడిపించినాడు. జట్టును ప్రేమించుచునే చెప్పుచున్నాను, ఆ తీర్పు న్యాయమైనది.

బావమఱది: అంగీకరించితిని. కాని ఆ దాచుకొనుటకు హద్దులు గీచినవి మీరు విసుగుకొను ఈ నియమములే. క్లెమెంటే కథ మీకు తెలియనిదా? 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ రాబర్టో క్లెమెంటేకు పదివేల డాలర్ల బోనసు ఇచ్చి తెచ్చుకొనిరి. నాలుగువేలకు మించి బోనసు పొందినవానిని పెద్దజట్టులో నుంచనిచో, ఆ యేటి చివఱ ఇతరులు ఎత్తుకొనిపోవచ్చునని అప్పటి కట్టుబాటు. వారు తమ క్రింది జట్టగు మాంట్రియల్‌కు పంపి, సరిగా ఆడనీయక మఱుగుపఱచిరి. పిట్స్‌బర్గ్ వారు క్లైడ్ సూకఫోర్త్ అను పెద్దమనిషిని అచ్చటి పిచరు నొకనిని చూచిరమ్మని పంపగా, ఆయన కన్ను ఆటకు ముందు సాధనవేళ బంతి విసరుచున్న క్లెమెంటే భుజముపై పడినది. అప్పుడు లీగున అట్టడుగున నున్న పిట్స్‌బర్గ్‌కు మొదట కోరుకొను హక్కు. నవంబరు ఇరువదిరెండున నాలుగువేల డాలర్లు చెల్లించి తీసికొనిపోయిరి. మూడువేల హిట్లు కొట్టిన మహానుభావుడు! ఇంతకును పిట్స్‌బర్గ్‌లో అప్పుడు పెత్తనము చేయుచున్నదెవరు? మీ బ్రాంచ్ రికీయే. తాను పెంచిన బ్రూక్లిన్ తోటలోనుండి తానే పండు కోసికొనిపోయినాడు.

బావగారు: చూచితివా, అక్కడను పని చేసినది కన్నే! సూకఫోర్త్ అంకెలు చూచియుండిన క్లెమెంటే కనబడియుండునా? ఆడనీయని వానికి అంకెలెక్కడివి?

బావమఱది: ఆ ఒక్క చోట మీరు చెప్పినది కాదనలేను.

బావగారు: ఇంకొక చోటను కాదనలేవు. షికాగో కబ్స్ జట్టు క్రిస్ బ్రయంట్‌ను చేసిన పని నీ కాగితపు ధర్మములో ఏ పుటలో నున్నది? 2014లో క్రింది లీగులలో నలుబదిమూడు హోమ్ రన్లు. 2015 మార్చిలో ఒక్క నెలకు తొమ్మిది. దేశమున వానికి మించి కొట్టినవాడు లేడు. అయినను ఫీల్డింగు ఇంకను కుదురుకొనలేదను మిషతో అయోవాకు పంపిరి. ఏప్రిల్ అయిదున తొలియాట మనతోనే. వాడు లేడు, మూడు–సున్నతో మనము గెలిచితిమి. పదునేడవ తేదీన పిలిచిరి. ఆ పండ్రెండు దినములలో ఫీల్డింగు కుదురుకొన్నదా?

సెయింట్ లూయిస్ వాడు షికాగో ఆటగాని పక్షమున కన్నెఱ్ఱ చేయుట లోకమున అరుదు. అందుచేత ఈ ఘట్టమును నేను శ్రద్ధగా వింటిని.

బావమఱది: కుదురుకొన్నది ఫీల్డింగు కాదు, పంచాంగము. పెద్దజట్టులో నూటడెబ్బదిరెండు దినములున్నచో ఒక సంవత్సరపు సేవ పూర్తియైనట్లు. అట్టివి ఆఱు నిండినవాడు స్వతంత్రుడై నచ్చిన జట్టునకు పోవచ్చును. బ్రయంట్‌కు ఆ యేడు లెక్కకు వచ్చినవి నూటడెబ్బదియొక్క దినములు. ఒక్క దినము తక్కువ. ఆ ఒక్క దినముతో కబ్స్ వారికి అతని ఆటలో మఱియొక సంవత్సరము కలసివచ్చెను. ఆ యేడు అతడే ఉత్తమ నవాగతుడు, మఱుసటి యేడు జట్టు ప్రపంచ విజేత. అతడు ఫిర్యాదు చేసెను గాని, 2020లో మధ్యవర్తి జట్టు పక్షముననే తీర్పు చెప్పెను.

బావగారు: దీనిని నీవు సమర్థింతువా?

బావమఱది: సమర్థింపను, ఊహింపగలనంతియే. ఆ మార్చిలో పట్టిక వ్రాసియుండిన నేను బ్రయంట్ పేరు వ్రాసెడివాడను కాను, ఏప్రిల్ మూడవవారమున వచ్చునని వ్రాసెడివాడను. అది నిజమై యుండెడిది. పిమ్మట 2022 ఒప్పందములో దీనికి కొంత మందు వేసిరి. ఉత్తమ నవాగతుల యెన్నికలో మొదటి రెండు స్థానములలో నిలిచినవానికి దినములెన్ని యైనను పూర్తి సంవత్సరము కట్టుదురు. పేరుగాంచిన కుఱ్ఱవానిని తొలినాటినుండి ఆడించిన జట్టునకు, వాడు నెగ్గినచో, డ్రాఫ్టులో అదనముగా ఒక యెంపిక. ఒకనిని ఒకే యేట అయిదు మాఱులకు మించి పైకి క్రిందికి త్రిప్పరాదనియు అప్పుడే నియమించిరి.

బావగారు: అయిదు మాఱులు! అదియు దయయేనా? నీ పట్టికలో పైకిని క్రిందికిని పోవు బాణపు గుర్తులు వేసినావు. ఆ గుర్తు వెంబడి ఒక మనిషి ఇల్లు ఖాళీచేసి, అద్దె వదలుకొని, సంచి సర్దుకొని పోవుచున్నాడు. పైన కనీస వేతనము 2023లో ఏడులక్షల ఇరువదివేల డాలర్లు. ఒక్క మెట్టు క్రింద మెంఫిస్‌లో, అదియు ఆటగాండ్రు సంఘము పెట్టుకొని పోరాడిన పిమ్మట, ముప్పదియైదువేల ఎనిమిదివందలు, ఇరువదవ వంతు. అంతకుముందు దానిలోను సగమే. మార్చి సాధనకైతే చాలకాలము జీతమే లేదు. కోర్టుకెక్కి, ఎనిమిదేండ్లు తిరిగి, 2022లో పదునెనిమిదిన్నర కోట్ల డాలర్ల పరిహారము రాబట్టుకొనవలసి వచ్చినది. ఇదిగో ఈ బోనియా మహాశయుడు ఆట మానిన తరువాత కూడ, న్యూయార్క్ మెట్స్ వారు చేసికొన్న ఒప్పందము పుణ్యమా యని, 2035 వఱకు ఏటేట జూలై ఒకటవ తేదీన పదునొకండు లక్షల తొంబదివేలకు పైగా అందుకొనుచున్నాడు. అన్నియు ఒకే ఆటలోని సంగతులు.

బావమఱది: జీతము సంగతి వేఱు, జోస్యము సంగతి వేఱు.

బావగారు: వేఱు కాదు నాయనా. క్రింది లీగును నీవు గోదామనుకొనుచున్నావు. సరకును అవసరమైనప్పుడు తీయుట, లేనప్పుడు పెట్టుట. నేను చూచిన క్రింది లీగు వేఱు. రిక్ ఆంకియెల్ జ్ఞప్తియున్నాడా? 2000వ సంవత్సరమున ఇరువదియొకటవ యేట పిచరుగా నూటతొంబదినలుగురిని స్ట్రైకవుట్ చేసినవాడు. అక్టోబరులో అట్లాంటా జట్టుపై తొలియాట మనవారు వాని చేతబెట్టిరి. మూడవ ఇన్నింగ్సులో ఏమైనదో ఏమో, ఒక్క ఇన్నింగ్సులో అయిదు బంతులు క్యాచరునకందక వెనుక కంచెకు పోయెను. నేను కార్డుపై వ్రాయలేక పెన్సిలు క్రింద పెట్టితిని. మఱుసటి యేడు మెంఫిస్‌కు దింపిరి. అక్కడను బంతి చెప్పిన మాట వినలేదు. అంతకంటె దిగువకు, టెనెసీ కొండలలోని జాన్సన్ సిటీకి, పదునెనిమిదేండ్ల పిల్లల మధ్యకు పంపిరి. అక్కడ చూచువారు తక్కువ, నవ్వువారు ఇంకను తక్కువ. వాడు మరల మనిషియై స్ట్రైకవుట్లు చేయసాగెను. తరువాత గాయములు. 2005లో ఇక బంతి వేయనని, బ్యాటరుగా మొదటినుండి నేర్చుకొందునని చెప్పి, క్రింది మెట్టునుండి మరల ఎక్కసాగెను. 2007 వేసవిలో మెంఫిస్‌లో వానిని నేను చూచితిని. అవుట్‌ఫీల్డు కంచె మూలనుండి మూడవ బేస్‌కు బంతి విసరినప్పుడు, అది నేల తాకక, గీచిన గీతవలె పోయి ఫీల్డరు చేతిలో పడినది. ఏ భుజమైతే తనను మోసగించెనో అదే భుజము! అక్కడ ముప్పదిరెండు హోమ్ రన్లు కొట్టి, ఆగస్టు తొమ్మిదిన సెయింట్ లూయిస్‌కు వచ్చి, వచ్చిన రాత్రియే మూడు పరుగుల హోమ్ రన్ కొట్టెను. ఏ కోతిలెక్క, ఏ ఆప్షను కాగితము దీనిని చెప్పగలదు?

బావమఱది: ఏదియు చెప్పలేదు. అయితే ఒక్కటి గమనింపుడు: నేడైనచో ఆంకియెల్‌ను పంపుటకు ఆ జాన్సన్ సిటీ లేదు. 2021లో క్రింది జట్లను నూటయిరువదికి కుదించినప్పుడు ఆ లీగును పెద్దజట్లనుండి విడదీసిరి. ఇప్పుడచ్చట వేసవిలో కళాశాల విద్యార్థులు ఆడుచున్నారు.

బావగారు: ఎఱుగుదును. నలుబదికి పైగా ఊళ్ళకు పెద్దజట్ల అండ లేకుండ చేసిరి. ఖర్చు తగ్గునన్నారు, శిక్షణ మెఱుగగునన్నారు. మెఱుగైనదేమో గాని, తప్పటడుగు వేసినవాడు ఎవరి కంటను పడక సరిదిద్దుకొనుటకు ఒక మూల కరవైనది. సరే, అది అట్లుండనిమ్ము. నీ ఇరువదియాఱవవాని మాట చెప్పుము. పోయినయేడు వానిని ఎన్ని మాఱులు త్రిప్పిరి?

బావమఱది: అయిదు. నియమము ఒప్పుకొన్నంత మేరకు. ఏప్రిల్‌లో పిలిచి పది దినములకు పంపిరి. మేలో ఒకని చీలమండ బెణికిన పిలిచి, అది నయము కాగానే పంపిరి. జూలైలో రెండు మాఱులు, ఆగస్టులో ఒకటి. సెప్టెంబరులో పట్టిక ఇరువదియెనిమిదికి పెరిగిన పిమ్మట గాని కుదురుగా ఒక చోట ఉండలేదు.

బావగారు: ఇప్పుడు వానిని విడిచినచో?

బావమఱది: ఈ యేటి మార్చిలో వాని అంకెలు చూచి ఎవరును కోరకపోవచ్చును. అప్పుడు నలుబది పట్టికనుండి కూడ తొలగించి మెంఫిస్‌కే పంపుదురు. జీతము పడిపోవును, మరల పిలుపు వచ్చుట కష్టము.

బావగారు: ఊఁ. నా కుఱ్ఱవాడు మెంఫిస్‌లో ఏప్రిల్ నెల ఆడినంతమాత్రమున వానికేమియు లోటు రాదు గదా? వాని అడుగు ఇంకను కొంచెము తొందరగా పడుచున్నది. వంపు తిరుగు బంతికి ముందుగనే ముందుకు వాలుచున్నాడు. మొన్ననే గమనించితిని, నీకు చెప్పలేదు.

బావమఱది: అయితే నా పట్టికలో మాఱ్పు లేదన్నమాట.

బావగారు: పట్టిక అట్లే యుండనిమ్ము; నీ లెక్క వలన మాత్రము కాదు సుమా. మెంఫిస్ తొలివారపు టిక్కెట్లు అమ్ముచున్నారేమో చూడుము. కారు నీవు నడుపవలెను, స్కోరు కార్డు నేను వ్రాయుదును.